తాంత్రిక మసాజ్‌ను సాధన అనవచ్చా?

మధు_18
మాకు పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఒక పెద్ద అనారోగ్యం తర్వాత నా భార్యకు ఎవరు ముట్టుకున్నా ఒళ్ళు బిగుసుకుపోతోంది. నేను ముట్టుకున్నా అంతే. తెలిసినవారొకరు జంటగా తాంత్రిక మసాజ్ శిక్షణకు వెళ్ళమన్నారు. వాళ్ళ కరపత్రంలో "ఇది భోగం కాదు, ఎరుకతో చేసే ఆధ్యాత్మిక సాధన, వేల ఏళ్ళ నాటిది" అని ఉంది. ఇది నిజంగా సాధనేనా, మసాజ్‌కు తగిలించిన పెద్ద పేరా? చేసినవారూ చదివినవారూ చెప్పండి.

శ్రీచక్రోపాసకుడు
"వేల ఏళ్ళ నాటిది" అన్న చోటే ఆ కరపత్రం తప్పు. నేను చదివిన ఏ తంత్ర గ్రంథంలోనూ ఇలాంటి మసాజ్ పద్ధతి లేదు. ఒంటికి నూనె పట్టించడం ఆయుర్వేదం చెప్పిన మాట. "అభ్యంగమాచరేన్నిత్యం" అని అష్టాంగహృదయం సూత్రస్థానంలో దినచర్య కింద ఉంది, మోక్షసాధన కింద కాదు. ఇప్పుడు ఈ పేరుతో నడుస్తున్నది ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో పుట్టినది. 1900ల తొలి దశకాల్లో అమెరికాలో పియర్ బెర్నార్డ్ అనే ఆయన తంత్రం పేరుతో శిష్యగణాన్ని చేర్చుకున్నాడు. 1970ల నుంచి యూరప్, అమెరికాలలో మసాజ్‌నూ మానసిక చికిత్సనూ ధ్యానాన్నీ కలిపి దానికి ఈ పేరు పెట్టారు. దీక్ష లేదు, మంత్రం లేదు, మంత్రం చెబుతూ ఒంటి భాగాలను తాకే న్యాసం లేదు, గురువు లేడు. ఇక తంత్రం ఎక్కడ?

పాత_నిఘంటువు
తంత్రం అనే మాట "తన్" ధాతువు నుంచి వచ్చింది, సాగదీయడం అని అర్థం. సంస్కృతంలో మగ్గానికీ పడుగుకూ అదే మాట.

స్పర్శసాధిక
ఉపాసకుడు గారూ, మీరే న్యాసం అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. "హృదయాయ నమః" అంటూ గుండె మీద చెయ్యి ఉంచడం స్పర్శ కాదా? మాట, చెయ్యి, మనసు ఒకే చోట నిలవడమే కదా అక్కడ జరిగేది? విజ్ఞానభైరవం అనే తంత్ర గ్రంథంలో 112 ధారణలు, అంటే మనసును నిలిపే పద్ధతులు, ఉన్నాయి. వాటిలో ఒకటి సూది గుచ్చిన చోట చిత్తాన్ని నిలపమంటుంది. మరొకటి చాలాకాలానికి బంధువు కనబడినప్పుడు పొంగే ఆనందంలో లీనం కమ్మంటుంది. ఇంకొకటి తిండిలో, పానీయంలో కలిగే ఉల్లాసాన్ని ధ్యానించమంటుంది. ఒంటికి తెలిసే ప్రతిదీ లోపలికి తలుపే అని చెప్పిన గ్రంథం అది.

నేను పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదటి మూడు నిమిషాలు నా చెయ్యి కదలదు. రెండు భుజపుటెముకల మధ్య ఆనించి ఉంచుతాను, అంతే. ముందు చర్మం వేడి తెలుస్తుంది. తర్వాత ఊపిరి వచ్చి నా అరచేతిని పైకి నెడుతుంది. ఆ ఊపిరి కొంచెం నిదానించిన తర్వాతే చెయ్యి కదుపుతాను. పడుకున్నవారు నిద్రపోకూడదు, ఊహల్లోకి జారకూడదు. చెయ్యి ఎక్కడుందో మనసూ అక్కడే ఉండాలి. దీన్ని సాధన అనక ఏమనాలి?

నాడీశ్రోత
శరీరశాస్త్రం వైపు నుంచి ఒక మాట. వెంట్రుకలున్న చర్మంలో నెమ్మదిగా నిమిరితే మాత్రమే బాగా స్పందించే సన్నని నాడీతంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి ఎక్కువగా స్పందిస్తాయి. అంతకంటే వేగంగా రుద్దితే ఆ స్పందన తగ్గిపోతుంది. తల్లి బిడ్డను నిమిరే వేగం ఇంచుమించు ఇదే.

శ్రీచక్రోపాసకుడు
సాధిక గారు న్యాసాన్ని తనకు అనుకూలంగా తిప్పుకుంటున్నారు. న్యాసంలో నా చెయ్యి నా ఒంటి మీద పడుతుంది. పరాయివాళ్ళ ఒంటి మీద కాదు. ఈ ఒక్క తేడాతో మీ వాదన మొత్తం కూలిపోతుంది. విజ్ఞానభైరవం కూడా చిత్తాన్ని నిలపమంది గానీ ఎవరితోనో ఒళ్ళు పట్టించుకోమనలేదు.

స్పర్శసాధిక
మరి స్పర్శదీక్ష మాటేమిటి? పక్షి తన రెక్కల వెచ్చదనంతో పిల్లలను పెంచినట్టు గురువు స్పర్శతో శిష్యుణ్ణి మేల్కొలుపుతాడని కులార్ణవ తంత్రం అనే గ్రంథం అంటోంది. అక్కడ చెయ్యి ఎవరిది?

శ్రీచక్రోపాసకుడు
చెల్లెమ్మా, శాస్త్రం నాకు నేర్పవద్దు. ఇరవై రెండేళ్ళుగా పూజ చేస్తున్నవాణ్ణి. దీక్షలో శిరసు మీద చెయ్యి ఉంచడానికీ, బల్ల మీద పడుకోబెట్టి గంటసేపు నూనె రాయడానికీ పోలికా?

స్పర్శసాధిక
నేను మీకు చెల్లెమ్మను కాను. మీరు శాస్త్రంతో మాట్లాడినంతసేపూ శాస్త్రంతోనే జవాబిచ్చాను. జవాబు దొరకకపోయేసరికి వరస కలిపారు.

నీలిగన్నేరు
నాలుగు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. ఇలాంటి శిక్షణకే ఒకసారి వెళ్ళాను. నడుము దగ్గర చెయ్యి పడగానే "ఇక చాలు" అన్నాను. నేర్పుతున్నవారు వంగి నా చెవి దగ్గర మెత్తగా చెప్పారు: "ఇది నీ అహంకారం అడ్డుపడటం. శక్తి అక్కడే మూసుకుపోయింది. ఊపిరి పీల్చుకుని దాటి రా." ఆ తర్వాత నలభై నిమిషాలు అలాగే పడుకున్నాను. దుప్పటి అంచును పిడికిలిలో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, లేచేసరికి వేళ్ళు తెరుచుకోలేదు. మామూలు మసాజ్ అయితే లేచి వచ్చేసేదాన్ని. సాధన అన్నారు కాబట్టి లేవలేదు.

తులసికోట
నీలి గారూ, చదువుతుంటే గుండె పిండేసినట్టయింది.

శ్రీచక్రోపాసకుడు
చూశారా? గురుపరంపర లేకపోతే ఇంతే జరుగుతుంది. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

స్పర్శసాధిక
నీలి గారూ, మీకు జరిగినది దారుణం. అయితే అది ఈ పద్ధతి తప్పు కాదు, ఆ మనిషి తప్పు. నా దగ్గరికి వచ్చేవారితో ముందు అరగంట కూర్చుని మాట్లాడతాను. ఎక్కడ ముట్టుకోవచ్చో, ఎక్కడ ముట్టుకోకూడదో వాళ్ళే చెబుతారు. బట్టలతో ఉండాలో లేదో వాళ్ళే నిర్ణయించుకుంటారు. మొదటి పది నిమిషాలు "వద్దు" అనడమే అలవాటు చేయిస్తాను.

నీలిగన్నేరు
"ఆ మనిషి తప్పు" అని ప్రతిసారీ ఇదే వింటున్నాను. ఉపాసకుడు గారూ, మీరు కూడా నా బాధను మీ వాదనకు ఊతకర్రగా వాడుకోకండి. పరంపర ఉన్న గురువు చెయ్యి వేస్తే శిష్యురాలు తీసెయ్యమనగలదా? ఇంకా అనలేదు. ఆ చేతికి ఎంత పవిత్రత కడితే నోరు అంత మూసుకుపోతుంది.

శ్రీచక్రోపాసకుడు
మీరు నా గురువుగారిని ఏమీ అనకండి. ఆయన ఎవరినీ అలా ముట్టుకోలేదు. నేను ఎందుకింత గట్టిగా మాట్లాడుతున్నానో చెబుతాను. మా అమ్మాయి ఒకరోజు ఫోనులో తంత్రం అని వెతికింది. నా పూజగదిలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకుంది పాపం. ఆ వచ్చిన బొమ్మలు చూసి, "నాన్నా, మీరు చేసేది ఇదా?" అని అడిగింది. జవాబు చెప్పాను. అయినా ఆ రోజు నుంచి పూజగది తలుపు మూసి ఉంటే ఆ పిల్ల అటు రావడం మానేసింది. నాకు పోయినది ఒక మాట మాత్రమే కాదు.

స్పర్శసాధిక
ఆ మాట నన్నూ ఇబ్బంది పెడుతోంది. వారానికి ఇద్దరు ముగ్గురైనా వేరే ఉద్దేశంతో ఫోను చేస్తారు. అయినా ఆ పేరు వదలడం లేదు. విశ్రాంతి మసాజ్ అంటే జనం వచ్చి నిద్రపోతారు. మేలుకుని ఉండమని చెప్పడానికి నాకు ఇంకో మాట దొరకలేదు.

నీలిగన్నేరు
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. సాధన అంటే మనకు చిన్నప్పటి నుంచి ఏం నేర్పారు? కాళ్ళు తిమ్మిరెక్కినా ఆసనం వదలకు, మనసు మొరాయించినా జపం ఆపకు అని. జపానికి అది సరే. వేరొకరి చెయ్యి నా ఒంటి మీద ఉన్నప్పుడు మాత్రం ఆ మొరాయింపే నా జవాబు. దాన్ని దాటాల్సిన అడ్డంకి అంటే నేను ఒప్పుకోను. మీ అరగంట మాటలు మంచివే సాధిక గారూ. కానీ ఆ తర్వాత దాన్ని సాధన అంటున్నారు. ఆ మాటతోనే "ఓర్చుకో" అన్నది కూడా లోపలికి వచ్చేస్తుంది.

స్పర్శసాధిక
ఓర్చుకోని సాధన ఉంటుందని నేను నమ్ముతున్నాను. బిగుసుకోవడాన్ని గమనించి, ఆగమని అడగడమే ఆ రోజు సాధన. మీరు దీనికి ఒప్పుకోరని తెలుసు.

నీలిగన్నేరు
ఒప్పుకోను.

నాడీశ్రోత
మధు గారూ, మీ ప్రశ్న ఎక్కడో తప్పిపోయింది. 1970లో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు జంటల కోసం సెన్సేట్ ఫోకస్ అనే పద్ధతిని వివరించారు. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా నెమ్మదిగా ముట్టుకోవడం, ముట్టుకున్న చోట ఏం తెలుస్తోందో గమనించడం. మొదట్లో సంభోగానికి తావు లేదు, చేరాల్సిన గమ్యమూ లేదు. దేవుడి ప్రసక్తి అక్కడ లేదు. ఆమె ఇష్టపడితే ఇంట్లోనే చెయ్యవచ్చు. ముందు ఆమె వైద్యులను అడగండి.

మధు_18
అందరికీ నమస్కారం. అన్నీ చదివాను, నీలి గారి మాటలు రెండుసార్లు చదివాను. నా భార్యకూ చదివి వినిపించాను. వైద్యురాలు అభ్యంతరం లేదన్నారు. నిన్న రాత్రి ప్రయత్నించాం. దీపం ఉండాలంది, ఉంచాను. వీపు మీద చెయ్యి ఆనించి కదపకుండా ఉన్నాను. ఎనిమిదో నిమిషంలో తీసెయ్యమంది. తీశాను. ఎందుకని అడగలేదు. చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాం. తర్వాత తనే నా చెయ్యి తీసుకుని తన ముంజేతి మీద పెట్టుకుంది. ఏడాదిన్నరలో ఇదే మొదటిసారి. శిక్షణకు ఇప్పట్లో వెళ్ళం.

శ్రీచక్రోపాసకుడు
మంచి పని చేశారు నాయనా. దీనికి మాత్రం తంత్రమని పేరు పెట్టకండి.

స్పర్శసాధిక
పేరు ఆయన పెట్టలేదు కదండీ.

నాడీశ్రోత
ముంజేతి మీద అరచేతితో నిమిరారా, చేతి వెనుకవైపుతోనా?

మధు_18
వెనుకవైపుతో. అరచెయ్యి బరువుగా ఉందంది.