వైజాగ్‌లో పుట్టి పీతంటే భయపడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? కార్తీక పౌర్ణమికి బీచ్‌కి వెళ్లాలి

గట్టుమీదబ్బాయి:
నవ్వుకునేవాళ్లు ముందు నవ్వేసుకోండి, తర్వాత జవాబు చెప్పండి. పుట్టింది, పెరిగింది విశాఖలోనే, ఆర్కే బీచ్‌కి ఇంట్లోంచి నడిచి వెళ్లిపోవచ్చు, అయినా ఊహ తెలిసినప్పటి నుంచి నాకు పీతంటే భయం. పాములు, కుక్కలు, బొద్దింకలు, వీటితో ఏ గొడవా లేదు. టీవీలో సొరచేపని చూపిస్తే అన్నం తింటూ చూస్తాను. పీత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పైకి లేచిన కళ్లు ఎటు చూస్తున్నాయో తెలీదు, అది ఎటు పోతుందో అస్సలు తెలీదు. ఎదురుగా వచ్చేదాన్ని చూస్తే పక్కకి తప్పుకోవచ్చు, పక్కకే నడిచేదాన్ని చూసి ఎటు తప్పుకోవాలండీ?

ఫ్రెండ్స్ అందరూ ఇసుకలో కూర్చుంటే నేను బీచ్ రోడ్డు గట్టు మీద. చుట్టాలొస్తే కురుసుర సబ్‌మెరైన్ లోపలంతా నేనే తిప్పి చూపిస్తాను, బయటికొచ్చాక నీళ్ల దగ్గరికి మాత్రం తమ్ముడు తీసుకెళ్తాడు. చిన్నప్పుడు నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి సంచిలో పీతలు తెస్తే అందులో ఒకటి తప్పించుకుని గ్యాస్ సిలిండర్ వెనక దూరింది. అమ్మ చీపురు, నాన్న పట్టకారు, నేను డైనింగ్ టేబుల్ మీద. దాన్ని పట్టుకున్నామనే అన్నారు గానీ నాకు చూపించలేదు. ఇప్పటికీ నాకు ఆ విషయం మీద అనుమానమే.

అసలు సంగతి ఏంటంటే, ఈమధ్యే పెళ్లయింది, అత్తారిది భీమిలి. ఈసారి వనభోజనాలు సముద్రం పక్కన సరుగుడు తోటలో పెట్టారు, అదీ పౌర్ణమి రోజున. చీకటి పడుతుండగా కొత్త దంపతులు చెప్పులు లేకుండా నీళ్ల దాకా వెళ్లి దీపం వదలాలని మా అత్తగారి కోరిక. మా ఆవిడకి నా సంగతి తెలుసు. బావమరిదికి తెలిసిందా, ఇక ఆ ఇంట్లో నేను తలెత్తుకోలేను.

ఆ టైముకి పీతలు బయట ఉంటాయా? కాళ్ల మీదికి వస్తాయా? పట్టుకుంటే ఏం చేయాలి? 'ధైర్యంగా ఉండు' అని మాత్రం రాయొద్దు ప్లీజ్.

ఉప్పుగాలి:
కార్తీకమాసం కాబట్టి ఈ నెల పీత ఆకులోకి రాదు బ్రో, డైరెక్టుగా కాళ్ల దగ్గరికే. అన్నట్టు జపాన్ సముద్రంలో సాలీడు పీత అని ఒకటుంది, కాళ్లు రెండు వైపులా చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి 3.7 మీటర్లు. పడుకునే ముందు తెలుసుకుంటే మంచిదని చెప్పాను.

గట్టుమీదబ్బాయి:
మీకు మంచి జరగాలి.

జువాలజీ బ్యాచ్:
నేను చదువుకున్నది ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇసుకలో బొరియలు తవ్వుకునే ఆ ఇసుక రంగు పీతల్ని గోస్ట్ క్రాబ్స్ అంటారు, ఓసిపోడ్ ప్రజాతి. మీ మొదటి ప్రశ్నకి జవాబు అవును, ఉంటాయి. అవి మొప్పలతో ఊపిరి తీసుకుంటాయి, మొప్పలు తడారిపోకూడదు, అందుకే పగలు ఎండకి బొరియలో దాక్కుని చీకటి పడే వేళకి తిండి కోసం బయటికొస్తాయి. అంటే సరిగ్గా మీ అత్తగారు పెట్టిన ముహూర్తానికే. ఇంకోటి, తోట వైపు ఉంటే సేఫ్ అనుకోకండి, పెద్ద పీతలు నీళ్లకి దూరంగా, ఒడ్డు పైభాగంలోనే బొరియలు పెడతాయి.

కానీ మీదికి రావు. ఆ కళ్లకి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కాబట్టి మీరు దాన్ని చూసేలోపే అది మిమ్మల్ని చూసి బొరియలోకి దూరిపోతుంది. పైగా మనుషుల తొక్కిడి ఎక్కువైన బీచ్‌లో వీటి బొరియలు తగ్గిపోతాయి, ఒక బీచ్ ఎంత పాడైందో అంచనా వేయడానికి పరిశోధకులు వాటినే లెక్కపెడుతుంటారు. పర్యావరణానికి అది చెడ్డ వార్త, మీకు మాత్రం మంచి వార్త. ఏకాంతం కోసం ఓ మూలకి పోకుండా అందరూ దీపాలు వదిలే చోటికే వెళ్లండి.

ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను గానీ ఆగలేకపోతున్నాను. వీటికి తిండి నూరుకోవడానికి పొట్టలో పళ్లుంటాయి. శత్రువు మీదికి డెక్కలు ఎత్తినప్పుడు ఆ పళ్లు రాపాడించి గుర్రుమని శబ్దం చేస్తాయని 2019లో ఒక పరిశోధనలో తేలింది. అది అట్లాంటిక్ తీరపు జాతి లెండి, భీమిలిది కాదు.

గట్టుమీదబ్బాయి:
పొట్టలో పళ్లా??? ఆ ఒక్క పేరా తీసేసి మిగతాదంతా బాగుంది మేడమ్.

వలలోడు:
మాది చేపల పని చేసే ఇల్లే తమ్ముడూ. ఇసుక పీత గిల్లితే చురుక్కుమంటది, అంతే. భయపడాల్సింది మండ పీతకి, అది ఉప్పుటేరుల్లో, మడ అడవుల బురదలో ఉంటది, నీ దీపం దగ్గరికి రాదు. దాని డెక్కకి గుల్లలు పగలగొట్టే బలం ఉంది, వేలు దొరికితే మాత్రం మామూలుగా ఉండదు, అందుకే మార్కెట్‌లో డెక్కలు తాడుతో కట్టేసి అమ్ముతారు.

ఏ పీతైనా పట్టుకుంటే లాగొద్దు, విదిలించొద్దు, నువ్వు లాగేకొద్దీ అది బిగిస్తది. అలాగే కిందకి దించి నీళ్లలోనో నేల మీదో పెట్టు, పారిపోయే దారి కనిపిస్తే వదిలేసి పోద్ది. ఒక్కోసారి డెక్క మన చేతికే వదిలేసి తను పోద్ది, కంగారు పడకు, దానికి మళ్లీ మొలుస్తది.

నాకు నీ పీత కన్నా నీ కంగారే భయంగా ఉంది. పున్నమికి పోటు ఎక్కువ. అల వెనక్కి పోయేటప్పుడు పాదం కింద ఇసుక జారిపోతది కదా, నువ్వది పీతే అనుకుని గెంతుతావు, ఆవిడ చేతిలో దీపం పోద్ది, ఆ పైన ఇద్దరూ నీళ్లలో పడతారు. పీత కోసం కింద వెతుక్కుంటూ సముద్రానికి వీపు పెట్టకు. పాదాలు తడిస్తే చాలు, మోకాలి లోతుకి వెళ్లొద్దు, మా వాళ్లే ఆ టైములో ఊరికే దిగరు.

ఎండుచేప:
మా అక్కకి జెల్లీ ఫిష్ అంటే ఇలాగే. దానికైనా ఓ అర్థం ఉంది, ఒడ్డుకి కొట్టుకొచ్చి చచ్చిపడున్న జెల్లీ ఫిష్‌ని ముట్టుకున్నా కుట్టే కణాలు పనిచేస్తాయి, పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు చూసుకోండి. మీ కేసులో నా సలహా ఒకటే, బావమరిదికి మీరే ముందు చెప్పేయండి. తర్వాత తెలిస్తే ఇంకా ఘోరం. ఇంతకీ పీతల కూర తింటారా లేదా?

గట్టుమీదబ్బాయి:
వలలోడు అన్నా, ఇసుక జారే సంగతి నేను అనుకోనేలేదు, ఇప్పుడు ఇంట్లో బకెట్ నీళ్లలో నిలబడి ప్రాక్టీస్ చేయాలేమో. కూర తింటానండి, డెక్కలు ఎవరైనా పగలగొట్టి పెడితే. బావమరిదికి చెప్పేది లేదు.

భీమిలి బుల్లోడు:
బావా, డైనింగ్ టేబుల్ మీద రాత్రి ఎన్నింటిదాకా ఉన్నావు?
అక్క నిన్ననే లింకు పంపింది. అమ్మకి చెప్పను, ఒట్టు. ఆ రోజు నేను టార్చి పట్టుకుని ముందు నడుస్తాను, అవన్నీ పారిపోయాకే మీరిద్దరూ రండి. కానీ ఊరికే కాదు, మాసం వెళ్లగానే మండ పీతలు తెస్తాను, శుభ్రం చేసేది నువ్వే.

గట్టుమీదబ్బాయి:
తాడు కట్టినవే తీసుకురా. నేను చెప్పేదాకా విప్పకు.