జీతం కోత పడింది: ముందు పనావిడను మాన్పించాలా, కారు అమ్మాలా?

నిజాంపేట_లెక్చరర్:
అందరికీ నమస్తే. విషయం సూటిగా చెప్తాను. మా ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో చేస్తారు. 78 వేలు వచ్చేది ఇప్పుడు 50 వేలు చేశారు, అదీ 10వ తారీఖు దాటాకే. నాకు ప్రైవేటు కాలేజీలో 32 వేలు. అంటే 1,10,000 వచ్చే ఇంట్లోకి ఇప్పుడు 82 వేలు వస్తోంది, 28 వేలు తక్కువ. ఆయన ఆదివారం పొద్దున్నే కాగితం తీసి లిస్టు రాశారు: పనావిడ 4,500, పాలు రెండు లీటర్ల నుంచి లీటరుకి తగ్గిస్తే 1,800, పేపరు, ఓటీటీ కలిపి 700, కూరగాయలు రైతుబజారులో తెస్తే 1,500, బయట తిండి 2,000. మొత్తం 10,500. నేను అదే కాగితం తిప్పి వెనక రాశాను: కారు ఈఎంఐ 13,400, చిట్టీ 10,000. అంతే, ఇంట్లో టెన్షన్. ఆయన రాసినవన్నీ వంటింట్లో నా చేతి మీదుగా జరిగేవి. నేను రాసినవి ఆయన సంతకం ఉన్నవి. అద్దె 21 వేలు, దాన్ని ఎవరం ముట్టుకోలేదు. ముందు ఏది తగ్గించాలో మీరు చెప్పండి. బీపీ, షుగరు ఉన్న అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఇద్దరు పిల్లలు, ఆరో తరగతి, మూడో తరగతి.

గుంటూరు_పెద్దమ్మ:
మీ ఆయన చెప్పిందాంట్లో తప్పేముందమ్మా? పనిమనిషి లేకుండానే మేం నలుగురు పిల్లల్ని పెంచాం. ఈ రోజుల్లో అందరికీ అలవాటైపోయింది కానీ, నలుగురైదుగురు ఉన్న ఇంట్లో అంట్లు ఎన్నుంటాయి? చిట్టీ ఆపితే రేపు పిల్లల ఫీజుకి ఎక్కడ చూస్తారు? పొదుపు ఆపుకుని సుఖం కొనుక్కుంటామంటే నేనొప్పుకోను. రైతుబజారుకి పొద్దున్నే వెళ్ళండి, గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది, అది చూసుకుని కొంటే మోసపోరు.

రెండు_షిఫ్టులు:
పెద్దమ్మగారూ, గౌరవంగానే అడుగుతున్నా, ఆ నలుగురు పిల్లల్ని పెంచేటప్పుడు మీరు పొద్దున 8 గంటలకి బస్సెక్కి కాలేజీకి వెళ్ళి సాయంత్రం పేపర్లు దిద్దారా? పనావిడను మాన్పిస్తే 4,500 మిగులుతుంది అంటున్నారు, ఆ పని ఎక్కడికీ పోదు కదండీ, ఈవిడ మీద పడుతుంది. అంటే మిగిలింది డబ్బు కాదు, ఈవిడ నిద్ర. ఆయన లిస్టులో "అంట్లు నేను తోముతా" అని ఒక్క లైను ఉందేమో అడగండి. ఉంటే నేనూ ఆ లిస్టుకే ఓటేస్తా.

లెక్కల_మాస్టారు:
అమ్మా, భావాలు పక్కన పెట్టి అంకెలు చూద్దాం. లోటు 28 వేలు. ఆయన లిస్టంతా అమలు చేసినా 10,500. ఇంకా 17,500 ప్రతి నెలా ఎక్కణ్ణుంచో రావాలి, అది చివరికి క్రెడిట్ కార్డు మీదకి పోతుంది. కార్డు బకాయి మీద నెలకి 3 నుంచి 3.75 శాతం పడుతుంది, ఏడాదికి 40 శాతం దరిదాపుల్లో. కాబట్టి చిన్నవి తగ్గించి పెద్దవి అలాగే ఉంచితే మీరు చేసేది పొదుపు కాదు, నిదానంగా అప్పు చేయడం.

కారు లోను ఇంకా ఎన్ని నెలలు? చిట్టీ ఎంతది, ఎన్ని నెలలైంది, రిజిస్టరైనదా? ఆరోగ్య బీమా ఉందా? ఇవి చెప్పకుండా ఎవరు ఏం చెప్పినా ఊరికే.

నిజాంపేట_లెక్చరర్:
కారు లోను ఇంకా 20 నెలలు. అసలు 2,45,000 ఉందని బ్యాంకు యాప్‌లో చూపిస్తోంది. చిట్టీ 5 లక్షలది, 50 నెలలు, 22 కట్టాం, పాడలేదు. రిజిస్టర్డే. బీమా మేం విడిగా తీసుకున్నది ఏడాదికి 32 వేలు, ఆయన ఆఫీసుది వేరే ఉంది. ఆ 32 వేలు కూడా ఆపేద్దామంటున్నారు, ఆఫీసుది ఉందిగా అని.

పాట_పాడినవాడు:
చిట్టీ పాడేసి కారు లోను తీర్చెయ్యండి. ఈఎంఐ పోతుంది, చేతిలో కొంత మిగులుతుంది. ఇంత ఆలోచన దేనికి?

లెక్కల_మాస్టారు:
అన్నా, ఆగండి. 5 లక్షల చిట్టీ ఇప్పుడు 20 శాతానికి పాడారనుకుందాం, చేతికి వచ్చేది 4 లక్షలు. లక్ష పాటలో పోయింది. చివరిదాకా ఆగినా ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాళ్ళ) కమిషన్ పోతుంది, చట్ట ప్రకారం అది 7 శాతం వరకు ఉండొచ్చు, అంటే 35 వేలు. ఇప్పుడు పాడడం వల్ల అదనంగా పోయేది 65 వేలు. ఇటు కారు లోను చూడండి, 20 నెలలకి 13,400 చొప్పున 2,68,000. అసలు 2,45,000. మిగిలిన వడ్డీ మొత్తం 23 వేలు. 23 వేల వడ్డీ తప్పించుకోడానికి 65 వేలు పోగొట్టుకుంటారా? పైగా పాడాక జామీను అడుగుతారు, జీతం తగ్గిన మనిషికి జామీను ఉండేవాళ్ళు దొరకడం కష్టం. నెల నెలా కట్టడం ఎలాగూ ఆగదు.

అలాగని మధ్యలో మానేస్తే కట్టింది వెంటనే చేతికి రాదు. మీ స్థానంలో ఇంకొకరు చేరేదాకానో చిట్టీ అయిపోయేదాకానో ఆగాలి, కమిషన్ కోసుకుని ఇస్తారు. అందుకే చిట్టీ ఉంచండి, కారు అమ్మండి అంటాను. నెలకి 13,400 అక్కడే మిగులుతుంది, పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగు వేరే. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి ముందే మూసేస్తే బ్యాంకు ఫోర్‌క్లోజర్ చార్జీ వేస్తుంది, అది అడిగి తెలుసుకుని అప్పుడు బేరానికి దిగండి.

ఇక బీమా సంగతి. దాన్ని ఆపితే మాత్రం నేను తిడతాను. ఆఫీసు ఇచ్చే బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, ఆ ఉద్యోగమే ఇప్పుడు ఊగుతోంది. గడువు దాటి పాలసీ పోతే మళ్ళీ తీసుకున్నప్పుడు పాత జబ్బులకి మూడేళ్ళ వరకు ఆగాలి, బీపీ షుగరు ఉన్న పెద్దావిడ ఇంట్లో ఉండగా అది చేయకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు, రెన్యువల్ నోటీసులో ప్రీమియం ఎంత వేశారో ఓసారి చూడండి.

కరెంటు_బాబాయ్:
మధ్యలో దూరుతున్నా, ఎవరూ కరెంటు మాట ఎత్తలేదు. తెలంగాణలో ఇంటి కనెక్షన్‌కి 200 యూనిట్ల గీత చాలా ముఖ్యం. సరిగ్గా 200 కాలిస్తే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, అంటే 820 రూపాయలు. 201 కాలిస్తే లెక్క మొత్తం మారిపోతుంది, మొదటి 200 యూనిట్లకీ 5.10 చొప్పున 1,020, ఆ పైన ఒక్క యూనిట్‌కి 7.70. ఫిక్స్‌డ్ చార్జీలు ఇవి కాక. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 పైనే! మీటర్ రీడింగ్ తీసే రోజు ఎప్పుడో బిల్లు మీద ఉంటుంది, దానికి వారం ముందు మీటర్ ఫోటో తీసి చూసుకోండి. 170 దాటి ఉంటే గీజర్ కట్టేసి బకెట్ నీళ్ళు పొయ్యి మీద కాచుకోండి ఆ వారం. తెల్ల కార్డు ఉన్నవాళ్ళకి గృహజ్యోతిలో 200 వరకు సున్నా బిల్లే, మీకు రాదనుకుంటా.

ఇంకోటి, మీరు ఆడవాళ్ళు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి టికెట్‌కి డబ్బులు లేవు. కాలేజీకి ఆటోలో పోతుంటే అది మానొచ్చు.

గుంటూరు_పెద్దమ్మ:
నూనె ప్యాకెట్లు కూడా చూసుకోమ్మా. లీటరంటే 910 గ్రాములుండాలి, ఇప్పుడు అదే సైజు కవర్లో 850, 800 గ్రాములు పోసి పది రూపాయలు తక్కువని అమ్ముతున్నారు. వెనకాల చిన్నక్షరాల్లో ఉంటుంది, మా మనవరాలు చదివి చెప్పేదాకా నాకూ తెలీదు. అయినా కారు అమ్మమంటున్నారే, పెద్దావిణ్ణి ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తారు?

రెండు_షిఫ్టులు:
క్యాబ్‌లో. నెలకి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళినా 13,400 అవ్వదు పెద్దమ్మా.

నిజాంపేట_ఆయన:
ఈ థ్రెడ్ మా ఆవిడే చూపించింది. ఆ లిస్టు రాసింది నేనే, తిట్టండి పర్లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. కారు అమ్మాలంటే బ్యాంకు ఎన్ఓసీ, ఆర్టీఏ, బేరాలు, కనీసం నెల పడుతుంది. ఇల్లు మారాలంటే అడ్వాన్సు, సామాన్ల లారీ, స్కూలు బస్సు రూటు. చిట్టీ సంగతి మాస్టారు చెప్పారు. వీటిలో దేన్ని కదిపినా ఏదో ఒక పెనాల్టీ ఉంది. వచ్చే 1వ తారీఖు నుంచే ఆపగలిగేవి ఏంటా అని చూస్తే పనావిడ, పాలు, పేపరు, ఇవే కనబడ్డాయి. ఆవిడ మీద పని పడుతుందని కావాలని రాసింది కాదు. కారు మీద నాకేం మోజు లేదు, కానీ ఊళ్ళో మా నాన్నకి కారు అమ్మేశామని చెప్పడం అంత తేలిక కాదు, అది మీకూ తెలుసు.

ఐదిళ్ళ_అమ్మ_కొడుకు:
అన్నా, మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మ మియాపూర్ దగ్గర ఐదిళ్ళలో చేసేది, నేను ఆ డబ్బుతోనే డిగ్రీ చదివాను. 2020 లాక్‌డౌన్‌లో రెండిళ్ళ వాళ్ళు ఫోన్ చేసి రావద్దమ్మా అన్నారు, మూడో ఇల్లు అదీ చెప్పలేదు, మేమే గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకున్నాం. మీరు రాసిన మాట చూడండి, బ్యాంకుని కదిపితే పెనాల్టీ, చిట్టీ కంపెనీని కదిపితే పెనాల్టీ, ఓనర్‌ని కదిపితే పెనాల్టీ. పనావిడ దగ్గర కాగితం లేదు కాబట్టి పెనాల్టీ లేదు. ఆమె దగ్గర ఉంటే మీ లిస్టులో పైన ఉండేది కాదు. మీరు చెడ్డవాళ్ళని అనట్లేదు, అందరూ అదే ఆర్డర్‌లో తగ్గిస్తారు.

అసలు మొత్తం మాన్పించడం ఎందుకు? అంట్లు, ఊడ్చి తుడవడం రెండూ కలిపి 4,500 అయితే అంట్లు ఒక్కటే ఉంచి అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ గంట ఇంకో ఇల్లు చూసుకుంటారు.

రెండు_షిఫ్టులు:
ఊడ్చి తుడవడం ఆయన చేస్తారా, ఈవిడా? అది కూడా లిస్టులో రాయించండి.

నిజాంపేట_ఆయన:
తుడవడం నేనే చేస్తా, సరే. కారు ఓఎల్‌ఎక్స్‌లో పెట్టి చూస్తా, మంచి ధర వస్తేనే. బీమా కడతాం.

లెక్కల_మాస్టారు:
మంచి ధర వస్తేనే అంటే ఆరు నెలలు పడుతుంది. మీరొక అంకె అనుకుని ఇక్కడ రాయండి, దానికి ఎవరైనా వస్తే ఇచ్చేయండి. ఈలోగా జూన్ ఫీజు వస్తే కార్డు గీకకండి, బ్యాంకులో బంగారం పెట్టండి, వడ్డీలో తేడా మీకే తెలుస్తుంది. స్కూలు మార్చే మాట ఈ ఏడాదికి వదిలేయండి, మధ్యలో టీసీ తీసుకుంటే కట్టిన టర్మ్ ఫీజు తిరిగి రాదు.

గుంటూరు_పెద్దమ్మ:
పాలు మాత్రం లీటరున్నర చేయండి, లీటరు చాలదు. పెరుగు కొనుక్కోవాల్సొస్తే తగ్గించిందంతా అటే పోతుంది.

నిజాంపేట_లెక్చరర్:
పెద్దమ్మగారూ, ఆ లెక్క ఆయనకి రాలేదు, నాకూ రాలేదు. లీటరున్నరే. కారుకి 4 లక్షలు అనుకున్నాం, దానికి తక్కువైతే మళ్ళీ గొడవే. పనావిడతో ఈ సాయంత్రం మాట్లాడతా.

ఐదిళ్ళ_అమ్మ_కొడుకు:
అక్కా, ఈ రోజే చెప్పండి, 30వ తారీఖు దాకా ఆపకండి. 1వ తారీఖు నుంచి వేరే ఇల్లు ఖాయం చేసుకోవాలంటే వాళ్ళకి కనీసం పదిహేను రోజులు కావాలి. అన్నని కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పండి.