రిటర్ను మనమే వేసుకోవాలా, ఆడిటరు గారికి అప్పగించాలా?

ప్రశ్న (కావలి):
నేను ఉపాధ్యాయుడిని. జీతంతో పాటు డిపాజిట్ల మీద వడ్డీ, అల్లూరు దగ్గరి రెండెకరాల మీద కౌలు వస్తున్నాయి. ఆదాయపు పన్ను రిటర్నును పోర్టల్‌లో నేనే దాఖలు చేసుకోవచ్చునా, ఆడిటరు గారి దగ్గరికి వెళ్లడమే మేలా, అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు):
జీతం, వడ్డీ వరకైతే మీరే చేసుకోవచ్చు మాస్టారూ. పోర్టల్‌లో రుసుము లేదు. చాలా వివరాలు ముందే నింపి ఉంటాయి గనుక వాటిని ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపుతూ యాజమాన్యం ఇచ్చే పత్రం)తోనూ, ఏఐఎస్ (మీ రాబడుల గురించి పన్ను శాఖ దగ్గరున్న వార్షిక వివరాల పట్టిక)తోనూ సరిచూసుకుని, దాఖలు చేశాక 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతో ధ్రువీకరిస్తే సరిపోతుంది.

జవాబు (నెల్లూరు):
అసలు చిక్కంతా కౌలు దగ్గరే ఉందండీ. ఆ పొలంలో వరి పండిస్తుంటే అది వ్యవసాయ ఆదాయం; దాని మీద నేరుగా పన్ను పడదు గానీ, ఏడాదికి 5,000 రూపాయలు దాటితే సులభమైన రిటర్ను ఫారం ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. అదే భూమిని రొయ్యల చెరువులకు ఇచ్చి ఉంటే, పాసుపుస్తకంలో మాగాణి అని రాసి ఉన్నా సరే, ఆ కౌలు పన్ను కట్టవలసిన ఆదాయమే. మీరు చెప్పనిదే పోర్టల్‌కు ఈ సంగతి తెలియదు. మంచి ఆడిటరైతే ముందుగా అదే అడుగుతారు. కౌలు ఒప్పందం తీసుకుని ఈ ఏడాదికైనా వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
రొయ్యలకే ఇచ్చామండీ. ఒప్పందంతో పాటు బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తీసుకుని వెళ్తాను.