గాడులు లేని ఎన్‌ఫీల్డ్: మళ్ళీ గాడులు కోయించాలా, అలాగే ఉంచాలా?

జమ్మలమడుగు వాసి:
మా తాతగారి టోపీ తుపాకి (చిన్న నిప్పు టోపీ పెట్టి సుత్తితో పేల్చేది) లైసెన్సుతో సహా నా చేతికి వచ్చింది. సుత్తి వెనుక కిరీటం, వి.ఆర్. (విక్టోరియా రాణి) అక్షరాలు, ముందువైపు 1858, టవర్ అని ముద్ర. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అని ఎంతో సంబరపడ్డాను. తీరా మూతి దగ్గర టార్చి వేసి చూస్తే లోపల నున్నగా ఉంది, గుండును తిప్పే మెలికల గాడి ఒక్కటీ లేదు. గాడులు కోసిస్తానని కడపలో ఒక లేత్ మిస్త్రీ అంటున్నాడు. చేయించమంటారా?

కర్నూలు బురుజు:
తప్పకుండా చేయించండి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొప్పతనమంతా ఆ మూడు గాడులే. గొట్టం 39 అంగుళాలు, గాడి 78 అంగుళాలకు ఒక చుట్టు. అంటే గుండు మూతి దాటేలోపు తిరిగేది సగం చుట్టే, గురి కుదరడానికి అదే చాలు. గుండు అడుగు బోలుగా ఉంటుంది. మందు అంటుకోగానే మెత్తని సీసం ఉబ్బి గాడుల్లో బిగుసుకుంటుంది. అందుకే దించేటప్పుడు సులువుగా దిగుతుంది, పోయేటప్పుడు గిర్రున తిరుగుతూ పోతుంది. మీ తుపాకిని ఎవరో వేట కోసం తొలిపించి పాడు చేసి ఉంటారు. పాడైనదాన్ని బాగు చేసుకుంటే తప్పేమిటి?

గుత్తి కోట:
అయ్యా, దయచేసి ఆ పని చేయించకండి. అది పాడైన రైఫిల్ కాదు, కావాలని అలా చేసినది. తూటాల కొవ్వు గొడవతో 1857 తిరుగుబాటు రాజుకున్న తర్వాత, తమ సైనికులకున్నంత మంచి తుపాకి భారతీయ సిపాయి చేతిలో ఉండకూడదని ఆంగ్లేయులు నిర్ణయించారు. ఎన్‌ఫీల్డ్ గొట్టాలను లోపల తొలిచి, గాడులు చెరిపేసి సిపాయిలకు ఇచ్చారు. దాన్నే 1858 నమూనా మస్కెట్ అంటారు. పైకి చూస్తే అచ్చం రైఫిలే, బలం మాత్రం తీసేశారు. ఆ నున్నటి గొట్టంలో ఒక ప్రభుత్వపు భయం కనిపిస్తుంది. దాన్ని చెరిపి గాడులు గీస్తే మీ దగ్గర మిగిలేది నకిలీ.

నా మాట మీద నమ్మకం లేకపోతే రెండు చూడండి. మూతి లోపలి వ్యాసం కొలవండి: రైఫిల్ అయితే సుమారు 14.7 మిల్లీమీటర్లు, మస్కెట్ అయితే 16.6 దాకా వస్తుంది. గొట్టం మీద గురి చూసే వెనుక సైటు చూడండి: రైఫిల్‌కు దూరాన్ని బట్టి ఎత్తి దించే నిచ్చెన సైటు, మస్కెట్‌కు కదలని దిమ్మ.

కర్నూలు బురుజు:
అంత వెడల్పుగా తొలిచి మూతి అంచు పలచగా ఉంటే అది మిస్త్రీ చేతిపని కాదని ఎలా చెప్పగలరు?

గుత్తి కోట:
పలచదనమే దాని గుర్తు. తొలిచిన గొట్టాలు సొట్టలు పడుతున్నాయనే 1859 నమూనాకు మందం పెంచారు. పోయిన లోహం ఎలాగూ తిరిగి రాదు. గాడులు కోసినా పాత కొలత గుండు అందులో వదులుగా దొర్లుతుంది, గొట్టం గోడ ఇంకా పలచబడి పేల్చినవాడి ముఖాన పగలొచ్చు. పైగా లైసెన్సు లేని చేతితో తుపాకి మరమ్మతు చేయించడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. మీ లైసెన్సు ఆ మిస్త్రీకి వర్తించదు.

జమ్మలమడుగు వాసి:
వెర్నియర్ పెట్టి మూడుసార్లు కొలిచాను. 16.6. సైటు ఉండాల్సిన చోట చిన్న దిమ్మ, మధ్యలో ఒక గంటు. నిచ్చెన బిగించిన జాడ కూడా లేదు. ఇది ఆంగ్లేయుల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కాలం నాటిదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయనను కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847లో, ఈ ముద్ర దానికి పదకొండేళ్ళ తర్వాతిది. ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

కర్నూలు బురుజు:
కొలత ఒప్పుకుంటున్నాను, మిస్త్రీ జోలికి వెళ్ళకండి. కానీ దాన్ని ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అని మాత్రం ఎక్కడా రాయకండి. గాడి లేనిది రైఫిల్ కాదు.

జమ్మలమడుగు వాసి:
మస్కెట్ అనే రాస్తాను. మిస్త్రీకి ఫోను చేసి వద్దని చెప్పేశాను. పైపైన నూనె గుడ్డతో తుడిచి, ముద్రల మీది మరక ముట్టుకోకుండా గోడకు ఎత్తిపెట్టాను.