"పీతదేహం" అంటే ఎవరికి ఏమి తోస్తుంది?

సభ్యులకు నమస్కారం. హైదరాబాదులో గర్భిణులకు పంచే ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. స్కానింగ్ రిపోర్టుల్లో కనిపించే "కార్పస్ ల్యూటియం"కు (అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే చిన్న భాగం) "పీతదేహం" అని రాశాను. చిత్తుప్రతి చదివిన ఒకావిడ, "ఇదేమిటండీ, కడుపులో పీతా?" అన్నారు. సంస్కృతంలో పీతమంటే పసుపు రంగని ఎంతమందికి చెప్పగలను? వేరే మాట ఉంటే సూచించండి.

— మాటకు మాటగా చూస్తే మీది సరైనదే మాస్టారూ, లాటిన్ పేరుకూ అదే అర్థం. "పచ్చదేహం" అందామంటే ఈనాటివారికి ఆకుపచ్చ తోస్తుంది. "పసుపు గడ్డ" అని మాత్రం రాయకండి. గడ్డ అన్న మాట చెవిన పడితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

— ప్రసూతి వైద్యురాలిగా నా మాట: "గ్రంథి" అనండి, ఎందుకంటే అది చేసే పని అదే. అండం విడుదలయ్యాక, దాన్ని మోసిన పుటికలోని (చిన్న సంచిలోని) కణాలే కొవ్వును, పసుపు వర్ణకాన్ని నింపుకొని ఇలా మారతాయి. ముఖ్యంగా ప్రొజెస్టెరాన్, కొంత ఈస్ట్రోజన్ స్రవిస్తాయి. ప్రొజెస్టెరాన్ గర్భాశయం లోపొరను పిండం నాటుకోవడానికి అనువుగా చేస్తుంది, కండరాన్ని బిగుసుకోనివ్వదు. గర్భం రాకపోతే సుమారు 14 రోజుల్లో గ్రంథి వడలిపోతుంది, నెలసరి వస్తుంది. వస్తే, పిండం వైపు కణాలు హెచ్‌సీజీ హార్మోను పంపి దాన్ని నిలబెడతాయి. ఇంట్లో చేసుకునే పరీక్షలో రెండో గీత తెప్పించేదీ ఆ హార్మోనే. 7–9 వారాల ప్రాంతంలో మాయ ఆ పనిని అందుకుంటుంది. 1970ల తొలినాళ్లలో అర్పాద్ చాపో అనే పరిశోధకుడి బృందం చూపింది ఇదే: 7 వారాలలోపు ఈ గ్రంథిని తీసేస్తే గర్భస్రావమైంది, ప్రొజెస్టెరాన్ బయటినుంచి ఇస్తే గర్భం నిలిచింది. అండం విడుదల కాకుండా, మందులతోనే గర్భాశయాన్ని సిద్ధం చేసి ఘనీభవించిన పిండాన్ని ప్రవేశపెట్టినప్పుడు ఈ గ్రంథే ఉండదు. అందుకే వారికి ప్రొజెస్టెరాన్ మందులు కొన్ని వారాలపాటు తప్పవు.

— ధన్యవాదాలు డాక్టరుగారూ. "పసుపు గ్రంథి" అని రాసి, రిపోర్టుతో సరిపోల్చుకోవడానికి పక్కన "కార్పస్ ల్యూటియం" ఉంచుతాను. మాయ బాధ్యత తీసుకునేదాకా పనిచేసే తాత్కాలిక గ్రంథి అని ఒక వాక్యం కూడా చేరుస్తాను.

— బాగుంది. అచ్చులో మాత్రం "గ్రంధి" పడకుండా చూసుకోండి, థకారమే ఉండాలి.