పుట్టుమచ్చ తీయించుకున్న చోట గుంట పడింది, పూడుతుందా?

కావలి అమ్మాయి:
అందరికీ నమస్తే. ముక్కు పక్కన, బుగ్గ మొదలయ్యే చోట నాకు పెసరగింజంత పుట్టుమచ్చ ఉండేది. సంక్రాంతి అయ్యాక ఒక క్లినిక్‌లో మత్తింజెక్షన్ ఇచ్చి కాల్చి తీసేశారు. 10 నిమిషాల పని, కుట్లు లేవు. పక్కు కట్టింది, అది రాలాక చూస్తే అక్కడ గుంట. ఇప్పటికి 3 నెలలు దాటింది. పొద్దున కిటికీకి ఎదురుగా నిలబడి అద్దంలో చూస్తే అంతగా తెలియదు, రాత్రి ట్యూబ్‌లైట్ కిందికి వస్తే మాత్రం ఆ గుంటలో నీడ పడి నల్లచుక్కలా కనిపిస్తుంది. క్లినిక్‌లో అడిగితే అదే సర్దుకుంటుందని పంపేశారు. శ్రావణంలో అక్క పెళ్లి, చాలా టెన్షన్‌గా ఉంది. అమ్మ పసుపు, వెన్న రాయమంటుంది, పక్కింటి అత్త నిమ్మరసం అంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రెండు పూటలా రాస్తున్నా. పెళ్లిలోపు ఫిల్లర్ (గుంటను నింపే ఇంజెక్షన్) వేయించుకోవచ్చా, లేజర్ మంచిదా? తెలిసినవాళ్లు చెప్పండి.

అల్లూరు రైతు:
చెల్లెమ్మా, నాకు దవడ మీద గోలీ అంత గడ్డ ఉంటే కోసి తీశారు. కుట్లు విప్పాక అక్కడ వేలికొన పట్టేంత లోతు. మొదటి 6 నెలలు నాకు అదే ధ్యాస. అప్పుడు చేసిన ఒక మంచి పని ఏంటంటే ప్రతి నెలా 1వ తేదీన వరండాలో అదే స్తంభం పక్కన, పక్కనుంచి వెలుతురు పడేట్టు నిలబడి ఫొటో తీసుకున్నా. రోజూ అద్దంలో చూస్తే మార్పు తెలియదు, 3వ నెల ఫొటో, 12వ నెల ఫొటో పక్కపక్కన పెడితే తెలిసింది, లోతు నిజంగానే తగ్గింది. చేసిన తప్పు కూడా చెప్తా. రొయ్యల చెరువుల మీద పగలంతా ఎండలో తిరిగా, ఏమీ రాసుకోలేదు. గుంట అంచు నల్లబడిపోయింది, ఆ నలుపు వల్ల గుంట ఉన్నదానికంటే లోతుగా కనిపించేది. గుంట కంటే ఆ నలుపు పోవడానికే ఎక్కువ కాలం పట్టింది. రోహిణి కార్తె వస్తోంది, నువ్వు జాగ్రత్త.

ఏడాది దాటాక నెల్లూరులో స్కిన్ డాక్టరు సబ్‌సిజన్ చేశారు. మత్తిచ్చి, సూది లోపలికి పోనిచ్చి, గుంటను కిందికి లాగిపట్టిన పోగుల్ని తెంపుతారు. లోపల పిటపిట తెగుతున్న చప్పుడు చెవికి వినపడింది, నొప్పి లేదు. 10 రోజులు కమిలి నీలంగా ఉంది. తర్వాత నెలన్నర ఎడంతో 3 సార్లు, సన్న సూదులున్న పెన్నులాంటి పరికరంతో గుంట మీద పొడిచారు. పూర్తిగా చదును కాలేదు. వేలితో తడిమితే తెలుస్తుంది, ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లకు తెలియదు. నాకది చాలు.

ఒంగోలు నర్సు:
అమ్మా, ముందు ఆ క్రీము ట్యూబు వెనక ఏం రాసుందో చూడు. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, వీటిలో ఏదన్నా ఉంటే అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, పూడాల్సిన గుంట పూడదు.

కాల్చినప్పుడు గాయం చర్మం లోపలి పొరదాకా పోతే ఒంట్లో కొలాజెన్ అనే ప్రోటీన్ తయారై కిందినుంచి నింపుకుంటూ వస్తుంది. ఆ సర్దుబాటు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా సాగుతుంది, అందుకే 3 నెలలకే ఇంతే అని తేల్చుకోవద్దు. ఫిల్లర్ సంగతి గట్టిగా చెప్తున్నా, ముక్కు పక్కన చాలా ప్రమాదమైన చోటు. మందు రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో ఎవరన్నా వేస్తామంటే ఒప్పుకోవద్దు. లేజర్ మన రంగు చర్మం మీద సరిగా చేయకపోతే నల్లమచ్చ మిగులుతుంది, పెళ్లి ముందు ఆ పని వద్దు. సిలికాన్ జెల్ ఉబ్బిన మచ్చలకు పనికొస్తుంది కానీ గుంటలకు పెద్దగా కాదు. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కుతాయి. వాజలైన్, 30 పైన ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్, ఇప్పటికి ఈ రెండూ చాలు. డబ్బు ఇబ్బందైతే నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, వెళ్లి చూపించుకో.

ఇంకో మాట. తీసిన మచ్చను క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకు పంపారా?

కందుకూరు:
మా అమ్మాయికి కుట్లు పడినప్పుడు మా అత్తగారు నెల రోజులు పప్పు పెట్టనివ్వలేదు, చీము పడుతుందని. గాయం మానాలంటే పప్పు, గుడ్డు లాంటివే తినాలని డాక్టరు ఆవిడనే కూర్చోబెట్టి చెప్పారు. మీ ఇంట్లో కూడా పత్యం పెడుతుంటే ఆపించండి.

కావలి అమ్మాయి:
అక్కా, ట్యూబు చూశా. మొమెటసోన్ అనే ఉంది. చేతులు వణికాయి, 2 నెలలుగా రాస్తున్నా. పరీక్షకు పంపలేదు, కాల్చేశాక ఏం మిగల్లేదన్నారు. పత్యం మా ఇంట్లోనూ ఉంది, ఇవాళ్టి నుంచి పప్పు తింటా.

ఒంగోలు నర్సు:
కంగారు పడకు. ఇన్నాళ్లు రాసి ఒక్కసారిగా ఆపితే కొందరికి ఎర్రబడి మంట పుడుతుంది, కాబట్టి ఈ వారంలోనే డాక్టరుకు ట్యూబు చూపించి, ఎలా ఆపాలో అడుగు. చర్మం కొంత తేరుకుంటుంది, నెలలు పడుతుంది.

కాల్చితే పరీక్షకు ముక్క దొరకదు నిజమే, అందుకే అనుమానం ఉన్న మచ్చను కోసి తీసి పంపుతారు. నీది మామూలుదే అయ్యుండొచ్చు, అయినా మచ్చ ఎన్నేళ్ల నుంచి ఉంది, పెరిగిందా, రంగు మారిందా అన్నది డాక్టరుకు చెప్పు. పాత ఫొటో ఉంటే పట్టుకెళ్లు. అదే చోట మళ్లీ నల్లటి రంగు పుట్టినా, ఉబ్బినా, తాకితే రక్తం వచ్చినా పెళ్లి పనుల్లో పడి ఆలస్యం చేయకు, అప్పుడు ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే.

కావలి అమ్మాయి:
చిన్నప్పటి నుంచీ ఉంది అక్కా, బడి ఐడీ కార్డు ఫొటోలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అది తీసి పర్సులో పెట్టుకున్నా. సోమవారం నెల్లూరు వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తోంది.