ముద్ద బంతి పెడితే తేనెటీగలు వస్తాయా, నాటు మొక్కలే పెట్టాలా?

మిద్దెతోట_సుధ: మిద్దె మీద దోస, గుమ్మడి పూస్తున్నాయి కానీ పిందె నిలవడం లేదు. తేనెటీగల కోసం ముద్ద బంతి పెడదామంటే, నాటు మొక్కలే పెట్టమంటున్నారు. ఏది నిజం?

కానుగనీడ: ముద్ద బంతి దండలకే పనికొస్తుంది. నడిమి చిట్టిపూలన్నీ రేకులుగా మారిపోయి పుప్పొడి దాదాపు ఉండదు. ముద్ద మందారంలోనూ కేసరాలే రేకులవుతాయి. ఈగలకు తిండి కావాలంటే నాటువే: కానుగ, నేరేడు, కుంకుడు.

నర్సరీ_రాజు: కుండీలో కుంకుడు చెట్టా? అసలు బంతే మెక్సికో నుంచి వచ్చింది. ఒంటిరెక్కదైనా అంతే.

కానుగనీడ: బంతి నాటుదని నేనెక్కడన్నాను? పైకెళ్లి చదవండి.

నర్సరీ_రాజు: చదివాను. మా హైబ్రిడ్ బంతికి పొద్దున్నే ఈగలు ముసురుతాయి, వచ్చి చూడండి.

పద్మ: తులసికి వచ్చినన్ని మా ఇంట్లో దేనికీ రావు.

తేనెపెట్టెలు: పొద్దుతిరుగుడు మనది కాదు, పైగా హైబ్రిడ్. అయినా పూతలో పెట్టెలు అక్కడే దించుతాం. విత్తన చేలల్లో మగ వరుస పుప్పొడిని ఆడ వరుసకు చేర్చేది ఈగలే. ఆ పూత అయిపోయాక మాత్రం చెట్లే దిక్కు. కిందటేడు మా పెట్టెలు ఖాళీ అయింది మొక్క వల్ల కాదు. సాయంత్రం కొట్టమని బతిమాలినా పక్క చేను ఆయన పూత మీద పొద్దున్నే మందు కొట్టాడు. సుధ గారూ, ఈలోపు పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దండి.

కానుగనీడ: మందు సంగతి వేరు. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కానుగ కొట్టేసి కాగితంపూలు పెట్టారు. 'పూలేగా' అంది కమిటీ. రాజు గారిదీ అదే మాట.

నర్సరీ_రాజు: అలా చెప్పండి, మీ గొడవ బంతితో కాదన్నమాట! మా దగ్గర చెట్టు కొట్టించడానికి నేనే చెయ్యెత్తాను. కొండ తేనెటీగలు కుట్టి మా పాప ముఖం వాచిపోతే ఆసుపత్రికి పరుగెత్తాం. కుండీకి వచ్చిపోయే ఈగలు చాలు, నెత్తిమీద పట్టు వద్దు.

కానుగనీడ: వచ్చిపోయే ఈగకు పట్టు ఎక్కడో ఉండాలి కదండీ? అది ఇంకొకరి గేటు దగ్గర ఉండాలి, కాయలు మీకు కాయాలి!

నర్సరీ_రాజు: మీ పిల్లలను కుట్టాక మాట్లాడదాం.

తేనెపెట్టెలు: కొండ ఈగలు నీళ్ల ట్యాంకుకూ, బాల్కనీ కిందా పడతాయి. చెట్టు కొడితే పట్టు పోదు, మేత పోతుంది.

నర్సరీ_రాజు: ట్యాంకుకు పట్టినా తీయిస్తాం.